పలక మీది ఏనుగు

“ఇంక దీనికి గొంతు రాదు పుష్పమ్మా. రేపు బిడ్డ ఏడిస్తే, ‘వస్తాండా నాయనా’ అనేదానికి కూడా నోరుండదు.”

నర్సు పుష్పమ్మ మంచం దగ్గరికి రాకముందే వరమ్మ మొదలుపెట్టేసింది. ఎవరైనా తుమ్మితే ఊపిరి పోతుందేమోనని భయపడే మనిషామె. మదనపల్లె ఆసుపత్రికి వచ్చినప్పటినుంచి కంటినిండా నిద్ర లేదు.

కూతురు హన్నాకు గొంతులో పుండు లేచింది. మాట్లాడితే రేగుతుందని డాక్టరమ్మ నోరు కట్టేసి, చేతికి పలకా బలపం ఇప్పించింది. యుద్ధం రోజులు, కాగితం దొరికే కాలం కాదు.

“వస్తాదిలేమ్మా. రాంగానే ఆ పలక నాకిచ్చేసి ఇంటికి పోండి. అవతలి వార్డులో ఇంకొకామె కాచుకోనుండాది,” అంది పుష్పమ్మ.

హన్నా బుద్ధిగా తలూపింది.

మొదట్లో పలక మీద ‘నీళ్లు’, ‘నొప్పి’ అనే రాసేది. తర్వాత ఒకరోజు ఏనుగు వచ్చింది. రామకుప్పం అడవి అంచున రాగిచేను, మంచె మీద ఒంటరిగా ఒక ఆడమనిషి, కింద ఏనుగు. పలక నిండగానే వరమ్మ కూడబలుక్కుని పైకి చదివేది. హన్నా చెరిపి, మళ్లీ రాసేది.

పుంగనూరు బడిలో ఉన్నప్పుడు ఇట్లాగే కథలు అల్లేది. కుప్పంలో కాపురానికి పోయాక విసురురాయి, పిల్లలు, పొయ్యి. సంగటి కెలికే చేతికి కలమెందుకని వరమ్మే అంది ఒకసారి.

“అక్కా, ఏనుగు ఏం చేసె? తొక్కేసిందా?” పక్క మంచం మునిరత్నమ్మ అడిగింది.

“ఇంకా మంచె కిందే ఉండాది.”

“ఆయమ్మ అరవదేంది? నీ కూతురి మాదిరి నోరు లేదా?”

హన్నా నవ్వింది.

“నవ్వుతాంది సూడు! ఈడ నా కడుపు కాలిపోతాంటే!” అంది వరమ్మ.

ఆ సాయంత్రం డాక్టరమ్మ హన్నా నోరు తెరిపించి చూసింది. “పుండు ఎప్పుడో మానింది. గొంతెందుకు రాలేదో అర్థం కావడంలేదు. మద్రాసు పంపిస్తాను. అక్కడ కోసి చూస్తారు.”

వరమ్మ కూతురి గడ్డం పట్టుకుంది.

“గొంతు కోస్తారంట తల్లీ! కోసిన గొంతు అతుకుతాదా? ఏసయ్యా, నా బిడ్డను యాల ఇట్లా చేస్తివి? ఒక్క మాట, హన్నా. ‘అమ్మా’ అను సాలు. ఒక్కసారి.”

పుష్పమ్మ వచ్చి వరమ్మ వీపు నిమురుతూ కూర్చుంది. బలపం అరిగి గోరంత మిగిలింది. ఏనుగు ఇంకా కదల్లేదు. హన్నా పలకను మెల్లగా కొంగు కిందికి లాక్కుని, తల్లి చెవి దగ్గరికి వంగింది.

“మాట్లాడితే పలక తీసేసుకుంటారమ్మా.”