తడిసిన నెమలి

నూకరత్నం తెచ్చిన చీర మీద నెమలి రంగు మారిపోయింది.

చీర కొంగుకు కుట్టిన గోరంత రేకు బిళ్ళ మీది నెమలి అది. అసలైన ఉప్పాడ చీరకు గుర్తుగా నేతగాళ్ళ సొసైటీ ఈ ఏడాదే ఆ బిళ్ళలు ఇవ్వడం మొదలుపెట్టింది. రమేష్ బాబు వేలు తడిచేసి రుద్దగానే నీలం నెమలి కాస్తా ఆకుపచ్చగా తేలింది.

"చూశారా ప్రవీణ్ గారూ? రంగు నిలవలేదు. దొంగ బిళ్ళండి!"

రామచంద్రపురంలో ప్రవీణ్ బట్టల కొట్టుకి ఉప్పాడ చీరలు వేసేది నూకరత్నం, రమేష్ బాబు ఇద్దరే. నకిలీలు అమ్ముతున్నారంటూ సొసైటీ నోటీసిచ్చి వారమైంది. దొంగెవరో తేలకపోతే సరుకు ఆపేస్తారు. తడి వేలితో రుద్ది రంగు చూడటం ప్రవీణ్‌కి తాతల నాటి పరీక్ష. కానీ పదేళ్ళుగా వస్తున్న మనిషిని దొంగ అనడమెలా?

"అన్నీ తడపండి బాబూ. ఆయనవి కూడా," అంది నూకరత్నం, కదలకుండా.

"నేను తడుపుతానండీ!" పెళ్ళై పద్దెనిమిది రోజులైన ప్రవీణ్ భార్య పూజిత గ్లాసుడు నీళ్ళతో పరిగెత్తుకొచ్చింది. అంత బెంగలోనూ అతనికి నవ్వొచ్చింది.

నూకరత్నం పన్నెండు నెమళ్ళూ పచ్చబడ్డాయి. రమేష్ బాబు పన్నెండూ నీలంగానే నిలిచాయి.

"రంగంటే అదీ! సబ్బేసి ఉతుకమ్మా, చెక్కుచెదరదు!"

"ఇవన్నీ మీరు తెచ్చినవే కదా అన్నయ్యగారూ? తర్వాత మాట మార్చరుగా?" అడిగింది పూజిత.

"కావాలంటే రాసిస్తాను," అని రమేష్ బాబు నిజంగానే రాసి, సంతకం పెట్టాడు.

ప్రవీణ్ తల దించుకున్నాడు. "రత్నం గారూ, ఇంక మీ చీరలు..."

"ఒక్క నిమిషం ఆగండి," అంటూ పూజిత టేబుల్ ఫ్యాన్ నూకరత్నం చీరల వైపు తిప్పింది. బిళ్ళలు ఆరాయి. నెమళ్ళు ఒక్కొక్కటే మళ్ళీ నీలంగా మారాయి.

రమేష్ బాబు గబగబా తన చీరలు మడతపెట్టబోయాడు.

"ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు ఇదేనండీ," అంది పూజిత మొగుడితో, ఆనందం పట్టలేక. "రేకు మీద కంటికి కనపడనంత సన్నటి అల్యూమినియం గుబ్బలుంటాయి. వాటి మీద పడ్డ వెలుగే నీలంగా తిరిగొస్తుంది. సందుల్లో నీళ్ళు చేరితే ఆకుపచ్చ, ఆరితే మళ్ళీ నీలం."

సంతకం పెట్టిన కాగితం మడిచి భర్త జేబులో పెట్టి, రమేష్ బాబు వైపు తిరిగింది.

"సొసైటీ బిళ్ళకి అసలు రంగే వెయ్యరు అన్నయ్యగారూ, వేసినవి మీ పన్నెండే!"