పెద్ద పెట్టె గొంతు

పెట్టె గుమ్మంలో ఇరుక్కుంది. లోపలికి రాదు, బయటికి పోదు. పెట్టెకి ఇవతల ఆమె, చంకలో పాప. అవతల ఆమె మొగుడు, ఆయన వెనక చెమటలు తుడుచుకుంటూ ఆపరేటర్ బాబాయి.

"ఏంటండీ ఇది, బీరువానా?"

"స్పీకరే! మూతపడ్డ సినిమా హాల్లో తెర వెనక ఉండేది. మీ అమ్మ వయసుంటుంది దీనికి."

"మా అమ్మ పది రోజులుంటానంటే చోటు లేదన్నారు. దీనికెక్కడుందట?"

బాబాయి పెట్టె చాటున కిసుక్కున నవ్వాడు. ఆ హాల్లో ఒకప్పుడు ప్రొజెక్టరు తిప్పింది ఆయనే. ఎక్కడ పాత స్పీకరు ఉందని తెలిసినా ఇద్దరూ తలదువ్వుకుని మరీ వెళ్ళి చూసొస్తారు. రేడియో స్టేషన్ నుంచి వచ్చిన చిన్న స్పీకరు ఒకటి ఇప్పటికే ముందుగదిలో తిష్ఠ వేసింది. పొద్దున లేచిన దగ్గర్నుంచీ అది మోగుతూనే ఉంటుంది.

"ఏడాదిన్నర వస్తోందండీ దీనికి," అంది ఆమె పాపను ఎగదోసుకుంటూ. "పక్కింటి పిల్లాడు తాతా, అత్తా అని చంపేస్తున్నాడు. దీని నోట ఒక్క ముక్క లేదు. చెవులు భేషుగ్గా ఉన్నాయి, మీరు మాట్లాడుతూ ఉండండి చాలు అన్నాడు డాక్టరు. ఎక్కడ మాట్లాడను? ఈ హోరులో నా మాట నాకే వినబడదు!"

మొగుడు పెట్టె మీద నుంచి తల మాత్రం పైకెత్తి చూశాడు.

"సరేనే. ఇవాళ రెంటినీ పక్కపక్కన పెట్టి వింటాం. ఓడింది సాయంత్రానికల్లా బాబాయి ఇంటికి పోతుంది."

"మీ పిన్ని నన్ను కూడా బయటే పడుకోమంటుందిరా!"

"గెలిచింది మాత్రం?" అంది ఆమె.

"ఆదివారం ఒక్కపూట మోగుతుంది. అంతే."

వెనక చెక్క ఊడదీసి, అడ్డంగా తిప్పి, ఎలాగైతేనేం పెట్టెను లోపలికి చేర్చారు. ఊడదీసిన చెక్క బయటే గోడకి ఆనించి ఉండిపోయింది.

ఏ పెట్టె మోగుతోందో కంటికి తెలిస్తే చెవి అబద్ధం చెబుతుందట. అందుకని రెండు పెట్టెలకీ ముందు దుప్పటి కట్టారు. స్విచ్చి ఆమె చేతికిచ్చి దుప్పటి వెనక కూర్చోబెట్టారు. పాప పాలచెంచా పట్టుకుని ఆమె పక్కనే చతికిలబడింది.

"పైకి నొక్కితే చిన్నది, కిందికి నొక్కితే పెద్దది. మధ్యలో ఉంచావనుకో, రెండూ మూగే."

"ఆ మాట ఈ ఇంట్లో అనకండి," అంది చటుక్కున.

మగవాళ్ళిద్దరూ కుర్చీల్లో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. టేపు మొదలైంది. ఏ స్పీకరు విన్నా ముందు వినబడేది మొగుడి గొంతే. మైకు పట్టుకుని తనే రికార్డు చేసి పెట్టుకున్నాడు: "చెక్... చెక్..." దాని వెనకే పాట.

ఆమె చిన్నది మోగించింది.

"గొంతు కాస్త పీలగా లేదూ?" అన్నాడు బాబాయి.

ఆమెకి కొంటె బుద్ధి పుట్టింది. స్విచ్చిని టకటకా ఆడించి, మళ్ళీ చిన్నదాని మీదే ఆపింది.

"అబ్బ! ఇదీ! నేలకీ నింగికీ ఉన్నంత తేడా!" మొగుడు తొడ చరిచాడు.

"గాయని ఎదురుగా వచ్చి నిలబడ్డట్టు లేదట్రా!"

ఆమెకి నవ్వు ఆగలేదు. స్విచ్చి మధ్యకి తోసేసి, రెండు చేతులతో నోరు నొక్కుకుని, తల మోకాళ్ళలో దాచుకుని, భుజాలు అదిరేలా నవ్వుకుంది.

పాట ఆగిపోయింది. మగవాళ్ళిద్దరూ కళ్ళు మూసుకునే చెవులు రిక్కించారు. అప్పుడు వినబడింది.

"చెక్... చెక్..."

బాబాయి కుర్చీలోంచి సగం లేచాడు. కళ్ళు మాత్రం తెరవలేదు. "ఒరేయ్, ఊపిరి కూడా వినబడుతోందిరా!"

"టేపు మళ్ళీ మొదట్నించీ వేసిందనుకుంటా," అన్నాడు మొగుడు పరవశంగా. "ఎన్ని స్పీకర్లలో విన్నాను! నా గొంతు ఇంత ముద్దుగా ఉంటుందని ఒక్కటీ చెప్పలేదు బాబాయ్! ఏమే, ఏది ఇది?"

దుప్పటి వెనక నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది.

"ఏడుస్తున్నావా? పెద్దదే గెలిచిందా ఏంటి కొంపదీసి?"

"పెద్దదే," అంది ఆమె. "బాబాయిగారూ, ఇది ఎక్కడికీ రాదు. దీన్ని ఈ ఇంట్లోంచి కదిలిస్తే నేను ఊరుకోను."

మొగుడు తన చెవుల్ని తానే నమ్మలేకపోయాడు. "మరి చోటు లేదన్నావు?"

"నా మంచం తీసేద్దాం."

"చెక్!" అంది పెట్టె, ఈసారి విసుగ్గా.

టేపులో ఆ విసుగు లేదే అనుకుంటూ మొగుడు కళ్ళు తెరిచాడు. ఒక్క దూకున వెళ్ళి దుప్పటి లాగేశాడు. స్విచ్చి మధ్యలోనే ఉంది. ఆమె వేలు పెట్టి పెద్ద పెట్టె వెనక్కి చూపించింది. చెక్క లేని ఆ వెనక వైపు నుంచి వంగి చూస్తే, లోపల చీకట్లో బాసింపట్టు వేసుకుని, పాలచెంచాను మైకులా నోటి ముందు పెట్టుకుని, వాళ్ళ కూతురు నాన్నకేసి చూసి మళ్ళీ అంది: "చెక్... చెక్..."