అరవైతో భాగిస్తే

కూడి భాగించడానికి ఇవేమైనా టమాటా బుట్టలా? చప్పుడును అలా కూడరు. దాని గురించి ఓనమాలు తెలిసినవాడెవడూ కూడడు. మరి తెలిసి తెలిసీ ఆ వాక్యం రాశాడంటే, వాణ్ణి ఏమనాలి?

వరండాలో కుర్చీ అంచున కూర్చుని ఆయన నిబంధనల పుస్తకంలోని ఆ వాక్యాన్నే నములుతున్నాడు. "నిమిషమునకు ఒకటి చొప్పున అరవై రీడింగులు తీసి, మొత్తమును అరవైతో భాగించి, వచ్చిన సగటును పరిమితితో పోల్చవలెను." పోల్చవలెనట!

ఎదురుగా కాలుష్య శాఖ ఇన్‌స్పెక్టరమ్మాయి మూడు కాళ్ళ స్టాండుకు చప్పుడు కొలిచే మీటరు బిగించి, వాచీ చూసుకుంటూ కాగితం మీద అంకెలు వేస్తోంది. పొలానికి అవతల ఫంక్షన్ హాలు. ఆదివారం మధ్యాహ్నం, ఎవరిదో పెళ్ళి. పాట మోగుతుంటే కిటికీ అద్దాలు జివ్వుమంటున్నాయి. టీపాయ్ మీద గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయి.

"డెబ్బై ఐదు," అంది అమ్మాయి.

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఇంకో పావుగంట ఇలాగే మోగితే చాలు. మోగు తల్లీ, మోగు! తొమ్మిది నెలలుగా తిట్టిపోస్తున్న చప్పుడును ఇప్పుడు తనే బతిమాలుకుంటున్నాడు. మనసంత సిగ్గులేనిది ఇంకోటి లేదు.

సరిగ్గా ఇరవయ్యో నిమిషంలో పాట ఆగిపోయింది.

హాలు మేనేజరుకూ ఈ లెక్క తెలుసు. ఇరవై నిమిషాలు చెవులు బద్దలు కొట్టి, నలభై నిమిషాలు నోరు మూసుకుంటే సరిపోతుంది. తర్వాతి గంటలో మళ్ళీ అదే వరస.

గుమ్మం పక్కన సూట్‌కేసు ఉంది. భార్యది. ఆ హాలు వచ్చిన దగ్గర్నుంచి ఆమెకు తలనొప్పి వదలడం లేదు. "ఇలా కొలవడం ఇది ఐదోసారి. ఈసారీ ఏమీ తేలకపోతే నేను మా అక్కయ్య దగ్గరికి వెళ్ళిపోతాను. రమ్మని ఫోన్లు చేయకండి," అని పొద్దున్నే చెప్పేసింది. కోపంగా చెప్పి ఉంటే ఆయన భయపడేవాడు కాదు. చీరలు మడతపెడుతూ, నెమ్మదిగా చెప్పింది.

"నలభై నాలుగు... నలభై నాలుగు... నలభై మూడు..."

"ఈ నిశ్శబ్దాన్ని కూడా లెక్కేస్తావా అమ్మా?"

"పుస్తకంలో అలాగే ఉంది సార్."

"అయితే పుస్తకమే తప్పు."

"తప్పో ఒప్పో నాకు తెలీదు గానీ, రాసినాయన మాత్రం గట్టివాడు సార్. సూది దూరే సందు కూడా వదల్లేదు. ఈ రూలు వచ్చాక మా ఆఫీసులో ఒక్క కంప్లైంటూ నిలబడలేదు."

కాఫీ తెచ్చిన భార్య కప్పు అమ్మాయి చేతికిచ్చింది. "అంత గట్టివాడికి పెళ్ళాం ఉండదా అమ్మా? ఉంటే దాని తలనొప్పిని ఏ కాలమ్‌లో వేస్తాడట?"

అమ్మాయి పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

రాసినవాడు నాలుగో అంతస్తులో, కిటికీలన్నీ బిగించిన గదిలో కూర్చుని రాశాడు. పైవాళ్ళకు కావలసింది చప్పుడు తగ్గడం కాదు, ఫిర్యాదులు తగ్గడం. ఆ సంగతి వాడికి బాగా తెలుసు. ఆ పూట ఇంటికెళ్ళి హాయిగా నిద్ర కూడా పోయాడు, వెధవ.

అరవయ్యో అంకె వేసి అమ్మాయి కూడటం మొదలుపెట్టింది. తల ఎత్తకుండానే అంది: "మూడు వేల రెండు వందల డెబ్బై. అరవైతో భాగిస్తే యాభై నాలుగున్నర. పరిమితి యాభై ఐదు."

"అర పాయింటేగా!"

"అరైనా లోపలే సార్. నాకూ చెవులున్నాయి. కానీ నేనేం చేయను చెప్పండి?" కాగితం భార్య వైపు తిప్పింది. "'పరిమితికి లోబడి ఉన్నది' అని ఇక్కడ సంతకం పెట్టాలి ఆంటీ. కంప్లైంట్లన్నీ మీ పేరు మీదే ఉన్నాయి కదా."

"నాలుగుసార్లు పెట్టాను. ఇక పెట్టను. ఆయన్ని పెట్టమను. ఆయనకు బాగా అలవాటు."

"ఇంట్లో ఎవరు పెట్టినా పర్లేదు సార్."

ఆయన చేతులు కట్టుకున్నాడు. "నా కళ్ళజోడు లోపలెక్కడో ఉంది."

"మీ నెత్తి మీదే ఉంది," అంది భార్య.

అవతల మళ్ళీ పాట అందుకుంది. గ్లాసులో నీళ్ళు మళ్ళీ వణికాయి. భార్య వెళ్ళి సూట్‌కేసు పిడి పట్టుకుంది. ఆయన కేసి చూసింది.

"పెట్టండి. పెడితే దీన్ని లోపల పెట్టేస్తాను."

అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. ఒక్క సంతకానికి ఇంత రాద్ధాంతమా? కలం ముందుకు జరిపింది.

ఈ సంతకం నుంచి ఆయన ఇదివరకు నాలుగుసార్లు తప్పించుకున్నాడు. పెరట్లోకి పోయి, ఫోను వచ్చినట్టు నటించి, ఒకసారైతే బాత్రూములో దూరి గడియ పెట్టుకుని. ఇప్పుడు ఎక్కడికి పోతాడు? సూట్‌కేసు అడ్డంగా ఉంది.

కళ్ళజోడు కిందికి లాక్కుని సంతకం పెట్టాడు. చివరి అక్షరం తోక వెనక్కి తిరిగి మొదటి అక్షరాన్ని చుట్టుకుంది.

కాగితం తీసుకోబోయిన అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. ఒకసారి ఆయన్ని చూసింది, ఒకసారి సంతకాన్ని చూసింది. తర్వాత సంచిలోంచి తన నిబంధనల పుస్తకం తీసి, ఆఖరి పేజీ తెరిచి, ఆ కాగితం పక్కన పెట్టింది.

'రూపొందించినవారు' అన్న మాట కింద అచ్చయి ఉన్న సంతకమూ, ఇంకా తడి ఆరని ఈ సంతకమూ ఒక్కటే.