గువ్వకు కట్టిన గూడు

నిరుటి వానలో గువ్వ గుడ్లు కొట్టుకుపోయాయి. ఈసారి ఆమెకు గట్టి గూడు కట్టి ఇవ్వాలని అడవిలోని పక్షులు నిశ్చయించాయి. ఒకరి పనిలో మరొకరు తల దూర్చడం అక్కడ మర్యాద కాదు. అందుచేత కాకి గడ్డిపోచలు తెచ్చి పడేసి వెళ్ళిపోయింది. తరువాత గిజిగాడు వచ్చి ఒంటరిగా గూడు అల్లాడు. చివరకు వడ్రంగిపిట్ట ముక్కుతో పొడిచి చూసి, గూడు దృఢంగా ఉందని ధ్రువీకరించింది.

మబ్బులు కమ్ముతుండగా పక్షులు గువ్వను పిలిచాయి. ఆమె తల మాత్రమే లోపలికి పట్టింది.

"అన్నా, ద్వారం ఇంత ఇరుకుగా పెట్టావేం?"

"నాకు సరిపోయిందమ్మా. నీ ఒళ్ళు ఇంత ఉంటుందని నాకెవరు చెప్పారు?" అన్నాడు గిజిగాడు.

"నన్ను అడగవలసింది కదా."

"అడగడం ఎవరి పని?" అంది కాకి.

"నేను గోడలన్నీ పొడిచి చూశాను," అంది వడ్రంగిపిట్ట. "ద్వారంలో పొడవడానికి ఏముంది? అంతా ఖాళీయే."

వాన మొదలైంది. గువ్వ కొమ్మ పంగలోనే గుడ్డు పెట్టి, దానిమీద రెక్కలు కప్పి కూర్చుంది. పక్షులు ఆకుల చాటున సమావేశమై, వచ్చే ఏడు ఇద్దరు వడ్రంగిపిట్టలను నియమించాలని తీర్మానించాయి.

"అభ్యంతరం ఉన్నవారు రెక్క ఎత్తండి," అంది కాకి.

రెక్క ఎత్తితే గుడ్డు తడుస్తుందని గువ్వ కదలలేదు. తీర్మానం ఏకగ్రీవమైంది.