మరణ సంవత్సరం

“కాకా, మీ రెండో పుస్తకం ఎక్కుతలేదు. కంప్యూటర్‌ల మీరు ఎనిమిదేండ్ల కిందనే చనిపోయిన్రు. చనిపోయినోల్ల పేరు మీద కొత్త పుస్తకం తీసుకుంటలేదు,” అన్నది ప్రాచి. నాందేడ్‌లో మా తెలుగు సమాజం ఈ-పుస్తకాల లైబ్రరీకి వివరాలు ఎక్కించేది ఆమే.

నేను విలేకరిని. ఊళ్లో అందరి చావు వార్తలూ రాశాను. నాది మాత్రం ఎనిమిదేళ్లు ఆలస్యంగా తెలిసింది.

“బరోబర్ చెయ్యి బిడ్డా. ఎదురుంగనే కూసున్న గద!”

“చేస్త గని, ముందుగాల గిది చూడున్రి. మీ మొదటి పుస్తకం కింద ఇస్లాపూర్ నుంచి పోచన్న అని ఎవరో రాసిండు.”

కళ్లద్దాలు పెట్టుకుని చదివాను.

‘పాపం, జల్ది పోయిండు. ఇంకిన్ని రోజులు బతికితే మస్తు మంచిగ రాసేటోడు.’

నా రాతను అంతగా నమ్మిన మనిషి అంతకుముందు ఎవరూ లేరు. ఈ ఎనిమిదేళ్లూ కూర్చుని రాసిన రెండో పుస్తకం తెరిచాను. రెండు పేజీలు చదివి మూసేశాను.

“మరణ సంవత్సరం తీసేయాల్నా కాకా?”

“వద్దు, ఉండనియ్.”

“ఎందుకు?”

“బతికుంటే ఏం రాసేటోన్నో ఆయనకు తెలిసిపోతది.”