పైకి చదివితేనే

ఆమె చొక్కా చేతులు ఇస్త్రీ చేస్తోంది. భర్త ఆ గోడ నుంచి ఈ గోడకి తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ అదే అంకెను పళ్ళ మధ్య నమిలి ఉమ్ముతున్నాడు.

"నాలుగొందల డెబ్బై ఐదు! నాకా! ఇంట్లో రాసిన ప్రతి నమూనా పరీక్షలో ఏడొందలు దాటిన నాకు!"

బల్ల దగ్గర బీన్సు తుంచుతున్న తల్లి తలెత్తింది. "పరీక్షన్నాక అటూ ఇటూ అవుతుందిలేరా."

"అటూ ఇటూ కాదమ్మా, ఆ కంప్యూటరే చెడింది. విదేశంలో ఎంబీఏ సీటు కావాలంటే జీమ్యాట్‌లో ఆరొందల యాభై అయినా రావాలి. ఈ మొహంతో ఏ కాలేజీ గుమ్మం ఎక్కను? ఆఫీసులో అందరికీ వెళ్ళిపోతున్నానని చెప్పేశాను కూడా!"

నిన్నటి అవమానం అతనికింకా చల్లారలేదు.

"వాచీ తియ్యమన్నారు. మెళ్ళో గొలుసు తియ్యమన్నారు. ఫోనూ తాళాలూ బయట పెట్టమన్నారు. జేబులు తిరగేసి చూపించమన్నారు. పాస్‌పోర్టులో ఫొటో చూసి, నా మొహం చూసి, మళ్ళీ ఫొటో చూశారు. పరీక్షకొచ్చానా, జైలుకొచ్చానా? పోనీ లోపలైనా ప్రశాంతంగా కూర్చోనిచ్చారా? అలవాటు కొద్దీ ప్రశ్న పైకి చదివితే, కాపలా ఆవిడ పరిగెత్తుకొచ్చి నోరు ముయ్యమంది!"

"అయ్యో! పైకి చదవకపోతే నీ బుర్రకెలా ఎక్కుతుందిరా!"

అదీ నిజమే. ఇంట్లో అతను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ప్రతి ప్రశ్నా వీధికి వినపడేలా చదివేవాడు. బట్టలు మడతపెడుతూనో, కూర కలుపుతూనో భార్య "మూడోది కదూ" అనేది. "తెలుసులే, అదే నొక్కబోతున్నా" అంటూ అతను నొక్కేవాడు.

"ఇంకో వింత విను. మొదట్లో ప్రశ్నలు కాస్త కఠినంగానే వచ్చాయి. పోనుపోను చంటిపిల్లల లెక్కలు! టకటకా నొక్కేసి లేచాను. అయినా ఈ స్కోరా?"

"ముందువి తప్పు పెడితే తర్వాతవి తేలికవుతాయి," అంది భార్య, ఇస్త్రీ పెట్టెను కాలర్ మీదికి మళ్ళిస్తూ. "ఆ పరీక్ష నడిచే తీరే అంత. సరిగ్గా పెట్టేవాళ్ళకే కష్టమైనవి వస్తాయి."

అతనికి కోపం నషాళానికంటింది.

"నాకు పాఠం చెబుతున్నావా? అసలిదంతా నీ వల్లే! నన్ను ఆలోచించుకోనిచ్చావా ఏనాడైనా? మూడోది, నాలుగోది అంటూ నోటిదురద తీర్చుకున్నావు. నా ఏకాగ్రతంతా నాశనం చేశావు."

ఇస్త్రీ పెట్టె ఆగింది. గుడ్డ కాలేలోపు మళ్ళీ కదిలింది.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట ఒకడు," అంది ఆమె.

"ఏమిటీ?"

"వినపడలేదా? మళ్ళీ పైకి చదవమంటారా?"

తల్లి ఉలిక్కిపడింది. "ఏమ్మా, వాడసలే పచ్చిపుండులా ఉన్నాడు. నువ్వు కారం చల్లుతావేం?"

"ఆ పుండు నేను చేసింది కాదత్తయ్యా."

"చాలు!" అతను బల్ల గుద్దాడు. గిన్నె బోర్లాపడి బీన్సు నేలంతా చెదిరాయి. "ఇప్పుడే పోయి ఆ పరీక్ష కేంద్రం వాళ్ళని కడిగేసి, మళ్ళీ తేదీ పెట్టించుకొస్తాను. సాయంత్రం నుంచి చదువు మొదలు. నువ్వు పక్కనే కూర్చోవాలి. నేను అడిగితేనే నోరు విప్పాలి. తెలిసిందా?"

"కూర్చోను."

"కూర్చోవా? నాకోసం ఆ మాత్రం చెయ్యలేనిదానివి ఈ ఇంట్లో ఎందుకున్నావు?"

ఆమె ప్లగ్గు పీకింది. లోపలి గదిలోకి వెళ్ళి ఆ చొక్కా తొడుక్కుని వచ్చింది. ఇంతసేపూ ఇస్త్రీ అయింది తన చొక్కా కాదని అతనికి అప్పుడు తెలిసింది. జేబుల్లేని చొక్కా, ఆమెదే. అతనికి ఒళ్ళు మరింత మండింది.

ఆమె వాచీ విప్పి ఇస్త్రీ బల్ల మీద పెట్టింది. మెళ్ళో గొలుసు తీసి దాని పక్కన పెట్టింది. ఫోను పెట్టింది. చివరికి ఇంటి తాళాలు కూడా పెట్టింది.

తల్లి గుండె మీద చెయ్యేసుకుంది. "ఒరేయ్, తాళాలు కూడా పెట్టేసిందిరా! ఇల్లు వదిలి పోతోంది! ఆపరా!"

"పోనీ! ఎన్నాళ్ళుంటుందో నేనూ చూస్తాను. దిక్కులేక తనే తిరిగొస్తుంది."

ఆమె చెప్పులు వేసుకుంది. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

"పీడా పోయింది," అంటూ అతను సొరుగు లాగాడు. పాస్‌పోర్టు చూపించనిదే ఆ కేంద్రం వాళ్ళు గుమ్మం కూడా తొక్కనివ్వరు.

ఎప్పుడూ జంటగా పడి ఉండే పాస్‌పోర్టుల్లో అతనిదొక్కటే మిగిలింది.