లెక్కలోకి రాని వాన

"బావా! ఎద్దుల్ని అమ్మేసేవేటి?"

వీధిలోంచే కేకేసుకుంటూ వచ్చేడు ఏసుదానం. బస్సు దిగి పరుగున వచ్చినట్టున్నాడు, చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

ఎద్దుల్ని తోముతున్న బంగార్రాజు తల తిప్పేడు. "లేదు. మాడుగుల బేరగాడు మజ్జానం వస్తానన్నాడు. అందుకే కడుగుతన్నాను."

"అయితే వాణ్ణి వెనక్కి పంపించీ. నువ్వు డెమరేజీ కట్టక్కర్లేదు!"

బంగార్రాజు చేతిలోని గడ్డిచుట్ట నీళ్ల గోలెంలో పడిపోయింది.

సరుకు అందక ఓడ ఊరికే నిలబడితే రోజుకింతని సొమ్ము కట్టాలనీ, దాన్ని డెమరేజీ అంటారనీ చోడవరంలో ఎవరికీ తెలీదు. బంగార్రాజు పుణ్యమా అని ఈ వారంలో ఊరంతటికీ తెలిసింది. ఇరుగుపొరుగు రైతుల బెల్లం కూడా పోగుచేసి, విశాఖపట్నం రేవులో ఓడకి అందిస్తానని ఒప్పుకున్నాడు. తీరా బళ్లు కట్టిన రోజునే, మాఘమాసంలో ఎన్నడూ ఎరగని వాన దిగింది. గెడ్డ పొంగింది. అనకాపల్లిలో గూడ్సు బండికి అందాల్సిన బెల్లం గెడ్డకి ఇవతలే ఉండిపోయింది, ఓడ రేవులో నిలబడిపోయింది. మొన్న గెడ్డ తగ్గేక సరుకు రేవుకి వెళ్లిందిగానీ, అప్పటికే డెమరేజీ పడిపోయింది. దానికోసమే ఇప్పుడు ఎద్దుల అమ్మకం. ఎద్దులు లేకపోతే గానుగ తిరగదు. గానుగ తిరక్కపోతే వచ్చే ఏటికి బంగార్రాజు ఇంకొకరి గానుగ దగ్గర కూలికి వెళ్లాలి.

ఏసుదానం ఆ ఓడల కంపెనీలో గుమాస్తా. ఈ గొడవ తెలిసిన రోజే "నేను సర్దుతాను బావా" అన్నాడు. బంగార్రాజు మనిషి మంచివాడేగానీ అభిమానం జాస్తి. "ఒకడి సొమ్ముతో నా బాకీ తీర్సుకుంటే నాకీ మీసం ఎందుకూ?" అని గయ్యిమన్నాడు. మాట మీసం దాకా వచ్చేక ఆయనతో వాదించడం ఎవరి తరమూ కాదు, పెళ్లాం అచ్చియ్యమ్మ తరం కూడా కాదు.

ఆ అచ్చియ్యమ్మే ఇప్పుడు చేతులు తుడుచుకుంటూ గబగబా వచ్చింది. "కట్టక్కర్లేదా? నిజవేనా తమ్ముడూ?"

"నిజవే అప్పా. ముందు ఈ మూట అందుకో. ఎండు చేపలు, నెత్తళ్లు. మా రూతమ్మ ఈ వారమే కొని వాకిట్లో ఎండబెట్టింది. అప్ప కోసమని ఏరి మరీ కట్టింది."

"నెత్తళ్లకేటిగానీ, సంగతి సెప్పు!" అన్నాడు బంగార్రాజు.

ఏసుదానం అరుగు మీద చతికిలబడ్డాడు. "ఏటుంది బావా! వారం నుంచీ అక్కడా ఇదే వాన. వానలో ఓడకి బెల్లం ఎక్కిస్తే కరిగిపోదూ? అంచేత వాన రోజులు డెమరేజీ లెక్కలోకి రావు. నిన్న సాయంత్రం తెరిపిచ్చేకే నీ సరుకు ఎక్కించేరు. ఓడ వెళ్లిపోయింది. కంపెనీ ఇంక నిన్నేటీ అడగదు. నాదీ పూచీ."

బంగార్రాజు కళ్లు చిన్నవి చేసి చూసేడు. "ఎవరి దయా కాదు కదా?"

"దయేటి బావా, రూలు!"

అంతే, బంగార్రాజు ఎద్దు మెడ కావిలించుకుని ఏడ్చేసేడు. ఎద్దు పాపం బిత్తరపోయింది. తరవాత ఆకాశంకేసి చేతులు జోడించి, "తల్లీ, వారం నుంచీ నిన్ను తిట్టని తిట్టు లేదు. తప్పైపోయింది. నువ్వే నా కొంప నిలబెట్టేవు" అన్నాడు.

"వానకి పెట్టిన దండాలు సాల్గానీ తమ్ముడికి మజ్జిగియ్యి" అంది అచ్చియ్యమ్మ. నవ్వుతోందిగానీ ఆవిడ కళ్లూ తడిగానే ఉన్నాయి.

ఏసుదానం మజ్జిగ తాగి లేచేడు. అచ్చియ్యమ్మ మాడుగుల హల్వా పొట్లం, పువ్వుల గుడ్డ ఒకటి తెచ్చి ఇచ్చింది. "మన మణికి పరికిణీ గుడ్డ. రూతమ్మని కుట్టమను."

మన మణి అనడంలో తప్పేం లేదు. యుద్ధం రోజుల్లో విశాఖపట్నం మీద బాంబులు పడ్డప్పుడు జనం ఎటు పడితే అటు పారిపోయేరు. నిండు చూలాలైన పెళ్లాం రూతమ్మని బండిలో వేసుకుని ఏసుదానం ఇటొచ్చేడు. మణి ఈ ఇంటి బెల్లం పాకలోనే, అచ్చియ్యమ్మ చేతుల్లోనే పుట్టింది. ఊరు సద్దుమణిగేక వెళ్తూ ఏసుదానం అద్దె ఇవ్వబోతే బంగార్రాజు చెయ్యి తోసేసేడు. "ఆడపిల్ల పుట్టింటికొచ్చి పురుడు పోసుకుంటే అద్దె పుచ్చుకుంటారేటిరా?" అన్నాడు. బావా తమ్ముడూ పిలుపులు అప్పటివే.

ఏసుదానం గుడ్డని అటూ ఇటూ తిప్పేడు. "కుట్టుమిషను ఇప్పుడు ఇంట్లో లేదప్పా."

"అదేటి! అదంటే రూతమ్మకి ప్రాణం కదా!"

"బాగుచేతకి ఇచ్చేం. కొన్నాళ్లు పడతాది. గుడ్డ ఇలాగియ్యి, ఉంచుతాంలే." గుడ్డా హల్వా సంచీలో పెట్టుకుని, బస్సు పోతుందంటూ ఒకటే పరుగు.

మధ్యాహ్నం వచ్చిన బేరగాడికి ఎద్దులు దొరకలేదుగానీ కడుపునిండా భోజనం దొరికింది. పొద్దు వాలేక బంగార్రాజు వంటపాక గుమ్మంలో కూచుని, వానకి ఎన్ని కొబ్బరికాయలు కొట్టాలో తేల్చుకోలేక తంటాలు పడుతున్నాడు. అచ్చియ్యమ్మ మూట విప్పి, మూకుట్లోకి నెత్తళ్లు వంపింది. గలగలమన్నాయి.

"రూతమ్మ సెయ్యే సెయ్యి! వాకిట్లో ఎండబెట్టిందంట, ఈ వార..."

గరిటె ఆగిపోయింది.

"ఏటే?" అన్నాడు బంగార్రాజు.

ఆవిడ ఒక నెత్తలిని తీసి విరిచింది. పుటుక్కున విరిగింది. మొగుడి మొహంలోకి చూసింది.

"వానలో సేపలెలాగ ఎండేయి మావా?"